కల్లం రూల్

నవంబరు 3, సోమవారం

సముద్రం వచ్చింది. సుచిత్ర జంక్షన్‌లో ఫర్నిచర్ షాపు పైన, రెండో అంతస్తులో ఉన్న మా ఆఫీసుకి ఒక దీవి చుట్టూ ఉన్న సముద్రం నాలుగు వందల పన్నెండు ఫోటో ముక్కలై దిగింది. దీవి పేరు ఎక్కడా రాయనని సంతకం పెట్టాను కాబట్టి ఇక్కడా రాయను. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా సంతకం సంతకమే.

తొమ్మిదేళ్లుగా డ్రోన్ ఫోటోల మీద పొలాల గట్లు గీస్తున్నాను. వరి, పత్తి, మొక్కజొన్న, బీడు. కళ్లు మూసుకుని గీయగలను. ఇప్పుడు గీయాల్సింది నీళ్ల కింద గడ్డి. నాచు కాదట, నిజంగా గడ్డేనట. ఆ దీవిలో డైవింగ్ చేసి ఇవన్నీ చూసే శాస్త్రవేత్త దీక్షిత్ అనే అతను మన విశాఖ వాడే. ఫోటోలతో పాటు చక్కటి తెలుగులో ఒక నోటు రాసి పంపాడు. ఈ గడ్డికి వేళ్లున్నాయి, పువ్వులున్నాయి. ఎప్పుడో కోట్ల ఏళ్ల నాడు నేల మీద బతికి, ఏమనుకుందో ఏమో, మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోయింది. పువ్వు నీళ్ల కిందే పూస్తుంది. పుప్పొడిని తుమ్మెద కాదు, అల మోసుకెళ్తుంది.

ఆ వాక్యం మూడుసార్లు చదివాను. ఉప్పాడలో సముద్రానికి కూతవేటు దూరంలో పెరిగాను. దాని మీద పడవలు చూశాను, ఒడ్డున చేపలు బేరమాడాను. లోపల ఏముందో ఒక్కనాడూ అడగలేదు.

ఆ గడ్డి మీద రెండు వందల పన్నెండు పడవలు లంగరేసి ఉంటాయి. ఇంకో అరవై పెట్టొచ్చా, గడ్డికి నష్టమా కాదా అన్నది ప్రశ్న. ఇరవై ఒకటిన దీవి వాళ్ల మీటింగు. మా మ్యాప్ చూసి తేలుస్తారట. టీమ్ లీడ్‌గా ఆఖరి సంతకం నాది.


నవంబరు 4, మంగళవారం

ఫణిభూషణ్‌గారికి పని తక్కువై ప్రశ్నలు ఎక్కువయ్యాయి. క్వాలిటీ చెకింగ్ ఆయనది. వచ్చే వేసవిలో రిటైరవుతారు. నా కుర్చీ వెనక వచ్చి నిలబడి, “మాధవిగారూ, ఈ గడ్డి మధ్యలో గుండ్రాలేమిటండీ?” అన్నారు.

“కల్లాలు,” అన్నాను నవ్వుతూ.

“సముద్రంలోనా?”

“అంటే కల్లం రూల్ పెట్టండి అని.”

కల్లం రూల్ నేను పెట్టిందే. మొదటి ఏడాది సిద్దిపేట పొలాలు గీస్తున్నప్పుడు అందరూ పొలం మధ్యలో కనబడ్డ ప్రతి గుండ్రాన్నీ బీడు కింద లెక్కేసి మ్యాప్‌లోంచి కోసేసేవాళ్లు. పొలంలో గుండ్రంగా ఖాళీ కనపడితే అది బావో, ధాన్యం ఆరబోసే కల్లమో అయ్యుంటుంది, అదీ పొలం లెక్కే, కోయొద్దు, పూడ్చేయండి అని నేనే చెప్పాను. అప్పట్నుంచి అదే రూలు. ఒక్క బటన్ నొక్కితే ఇరవై మీటర్ల లోపు గుండ్రాలన్నీ పచ్చగా నిండిపోతాయి. అలాగే సన్నటి గీతలు కనపడితే గొర్రెల బాటలని వదిలేస్తాం.

“ఇవి మరీ ఎక్కువున్నాయండీ,” అన్నారాయన.

“సముద్రం అడుగున ఇసక దిబ్బలుండవా? ఉంటాయి. అడ్డమైనవన్నీ పట్టుకుంటే ఇరవై ఒకటికి తేలుతామా?” అన్నాను. గొంతు కొంచెం పెద్దదైంది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ వెళ్లిపోయారు.


నవంబరు 6, గురువారం

గుండ్రాలన్నీ కలిపి చూశాను. మొత్తం గడ్డిలో మూడు పాయింట్ ఎనిమిది శాతం. ఐదు శాతం లోపు తేడా ఉండొచ్చని ఒప్పందంలోనే ఉంది.

ఐదు శాతం లోపే.


నవంబరు 9, ఆదివారం

కార్తీక వనభోజనాలు. యాప్రాల్ కాలనీ వాళ్లం అరవై మందిమి రెండు బస్సుల్లో శామీర్‌పేట చెరువు పక్క తోటకి వెళ్లాం. తోటలో ఉసిరి చెట్టు లేదు. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు ముందుచూపున్న మనిషి, నర్సరీ నుంచి కుండీలో ఉసిరి మొక్క తెచ్చారు. అరవై మందిమీ దాని చుట్టూ కూర్చుని ఉసిరి నీడన తిన్నామనిపించుకున్నాం. “ఆ నీడ నా విస్తరాకు దాకా రాలేదే అమ్మాయ్, నా పుణ్యం సంగతేమిటి?” అని మా అత్తగారు పార్వతీదేవి గారు గట్టిగానే అడిగారు. అందరూ నవ్వారు, ప్రెసిడెంటు గారు తప్ప.

పులిహోర బాగుంది. పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైంది. ఇవి రాయడానికి కాదు కూర్చున్నది.

తిన్నాక చెరువు గట్టుకి నడిచాను. ఎవరో సేటు షికారుకని నాలుగు పడవలు పెట్టాడు. వాటిని చూసుకునేది గౌరయ్య అనే పెద్దాయన. అరవై దాటి ఉంటాడు. పుట్టిందీ చేపలు పట్టిందీ ఇక్కడేనట. ఆయన పడవ అంచున బోర్లా పడుకుని, పెయింటు బకెట్‌లో తలపెట్టి నీళ్లలోకి చూస్తున్నాడు. ఆ బకెట్ అడుగు కోసేసి అద్దం ముక్క అతికించి ఉంది.

“ఏం చూస్తున్నావు గౌరయ్యా?”

“లోపటి ముచ్చట సూస్తున్న మేడం. మీరు సూస్తరా? రాండ్రి, భయపడకుండ్రి. బకెట్ నీళ్లల్ల పెట్టి మొకం లోపట పెట్టుండ్రి, గంతే.”

పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పడవలో మోకాళ్ల మీద కూర్చున్నాను. బకెట్‌లో ముఖం పెట్టాను.

ఎలా రాయాలో తెలియడం లేదు. వానలు వెలిసి నీళ్లు తేరుకున్నాయి. కింద ఒక బీడంత గడ్డి. జానెడు, మూరెడు పొడుగు ఆకులు, అన్నీ ఒకేవైపు వంగి, మళ్లీ అన్నీ కలిసి ఇటువైపు వంగి. దాని మీద ఎండ ముక్కలు ముక్కలుగా పాకుతోంది. గోరంత చేపపిల్లలు ఒక వంద ఆకుల్లోంచి బయటికొచ్చి, నన్ను చూసి, వంద కలిసి ఒక్కసారి లోపలికి పోయాయి. చప్పుడు లేదు. నాకు నలభై ఆరేళ్లు. సముద్రం పక్కన పుట్టి, ఇంత నీరు చూసి, నీటి లోపలికి ముఖం పెట్టడం ఇదే మొదటిసారి. ఏడుపొచ్చింది. ముఖం బకెట్‌లో ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

గౌరయ్య పడవని కొంచెం జరిపాడు. గడ్డి ఉన్నట్టుండి ఆగిపోయింది. బోసి మట్టి. గుండ్రంగా.

“అదేంటి, అక్కడ ఏమీ లేదేం?”

“గదా? గది గొలుసు మేసిన జాగ మేడం.”

“గొలుసు మేయడమేంటి?”

“తాడైతే కోసుకపోతున్నరని మా సేటు గొలుసులు ఏపిచ్చిండు. కింద రాయి, మీద పడవ, నడుమ గొలుసు. గాలి ఎటు మల్తే పడవ అటు మల్తది. గొలుసు కింద పడి ఈడ్సుకుంట తిరుగుతది. తిరిగినంత మేర గీ నాసు గడ్డంత లేశిపోతది. సూడుండ్రి, పెనం బోర్లిచ్చినట్టు లేదా?”

ఉంది.

“కొర్రమట్ట పిల్లలు గా నాసులనే దాసుకుంటయి. నాసు లేకుంటె ఇగ కొంగ నోటికే,” అన్నాడు.

బస్సులో అత్తయ్యగారు, “ఏమిటే, దిష్టి తగిలినట్టు అలా ఉన్నావ్?” అన్నారు. ఎండ అన్నాను.


నవంబరు 10, సోమవారం

అది చెరువు. ఇది సముద్రం. చెరువుకీ సముద్రానికీ పోలికేమిటి?

గొలుసున్న ప్రతిచోటా గుండ్రం ఉండాలనేముంది?

చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. పూడ్చేశాం కూడా.


నవంబరు 12, బుధవారం

సంతకం పెట్టాను. మ్యానేజర్ రవీందర్ అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. “మాధవి మేడం ఉంటె మనకేం పరేషాన్ లేదు,” అన్నాడు. ఇది బాగా చేస్తే ఆ దీవుల పని మొత్తం, రెండేళ్ల పని, మాకే వస్తుందట. పదకొండు మందిమీ చప్పట్లు కొట్టాం.

ఫణిభూషణ్‌గారు తన కాగితం మీద సంతకం పెట్టే ముందు నా వైపు చూశారు. నేను బిస్కెట్ చాయ్‌లో ముంచుతున్నాను. విరిగి అందులో పడిపోయింది.


నవంబరు 13, గురువారం

దీక్షిత్ ఫోన్ చేశాడు. మాట్లాడటం ఇదే మొదటిసారి. చిన్న గొంతు, ఎంతో మర్యాద.

“మేడం, మీ మ్యాప్ చూశానండి. మీకు థ్యాంక్స్ చెప్పాలి. నేను నీళ్లలోకి దిగిన చోటల్లా పడవల కింద ఖాళీలు కనపడ్డాయి. పడవలు గడ్డిని తినేస్తున్నాయని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను. కానీ నేను దిగింది ఏడు చోట్లే కదండీ. బాగా పాడైన చోట్లే నా కంట పడ్డాయేమో. మీరు మొత్తం చూశారు. పడవల కింద కూడా గడ్డి నిండుగా ఉందని మ్యాప్ చెబుతోంది. నా భయం తప్పన్నమాట. ఇక అరవై పడవలకీ అడ్డు చెప్పను.”

నేనేమన్నాను? “పర్లేదండీ,” అన్నాను. దేనికి పర్లేదో!

చివర్లో అడిగాడు, “అడుగున సన్నటి గీతలు కనపడ్డాయా మేడం? వంకర టింకరగా?”

“గొర్రెల బాటల్లాంటివా?”

అతను నవ్వాడు. “సరిగ్గా అన్నారు. అవి సముద్రపు ఆవు మేసిన దారులండీ. మూడు మీటర్లుంటుంది. గడ్డి తప్ప ఏమీ తినదు. వేళ్లతో సహా పెకలించి తింటూ నడుస్తుంది, వెనక ఒక గీత మిగులుతుంది. గీత సన్నం, రెండు పక్కలా వేళ్లు, కింద మట్టి అలాగే ఉంటాయి కాబట్టి కొన్ని నెలల్లో మళ్లీ పచ్చబడుతుంది. ఈ అఖాతంలో రెండేళ్లుగా ఎవరికీ కనపడలేదు. వెళ్లిపోయిందంటున్నారు.”

ఫోన్ పెట్టేశాక ఒక వీడియో పంపాడు. గడ్డి పువ్వుది. బియ్యపు గింజంత కూడా లేదు. అందులోంచి సన్నటి నూలు పోగుల్లాంటివి విడిపోయి నీళ్లలో కొట్టుకుపోతున్నాయి. ఎటు పోతాయో ఎవరూ చెప్పలేరు. అయినా ఇంకో పువ్వుని వెతుక్కుంటాయి. సుచిత్ర జంక్షన్ హారన్లన్నీ కిటికీలోంచి వస్తుంటే నేను నోరు తెరుచుకుని దాన్ని చూస్తూ కూర్చున్నాను.


నవంబరు 14, శుక్రవారం

రాయాలని లేదు. బెండకాయ వేపుడు మాడింది.


నవంబరు 16, ఆదివారం

కార్తీకంలో ఆఖరి ఆదివారం, చెరువులో కాళ్లు తడుపుకుని వస్తానని అత్తయ్యగారు పేచీ పెట్టారు. కాదు, నిజం రాయాలి. నేనే ఆవిడకి ఆ ఆశ పెట్టాను. స్కూటీ మీద ఇద్దరం శామీర్‌పేట వెళ్లాం.

గౌరయ్య గుర్తుపట్టాడు. “మళ్ల వస్తరని ఎరుకే,” అని బకెట్ అందించాడు. చివరి పడవ కిందికి చూడమన్నాడు. చూశాను. అక్కడ రాయి ఉంది, రాయి పక్కనే గడ్డి ఉంది. గొలుసు లేదు. రాయి నుంచి తాడు, తాడుకి సగంలో ఒక ఖాళీ నూనె డబ్బా. డబ్బా తేలుతూ తాడుని నిటారుగా పైకి లాగి పట్టుకుంది. పడవ ఊగుతోంది, తాడూ ఊగుతోంది. గడ్డిని మాత్రం ఏదీ తాకడం లేదు.

“ఇది నువ్వు కనిపెట్టావా గౌరయ్యా?”

“నేను కనిపెట్టుడేంది మేడం! వల తాడు రాళ్లల్ల ఇరుక్కోకుండ మా నాయిన గిట్లనే కట్టేటోడు. రెండు నెలలైంది డబ్బా కట్టి. గుండు లెక్క ఉన్న జాగ, జూడుండ్రి, సగం మూసుకపోయింది. మీద పడవకాడ గొలుసే ఉంచిన, ఎవడు కోసుకపోకుండ తాళం గూడ ఏసిన. సేటు ఖుష్, నాసు ఖుష్.”

సగం మూసుకుపోయిందన్న మాట పట్టుకుని నా ప్రాణం లేచొచ్చింది. గడ్డి తనంతట తనే పూడుకుంటుంది! అయితే నేను చేసింది తప్పు కాదు. ఎలాగూ పూడేదాన్ని ముందే పూడ్చాను, అంతే.

గట్టు మీద కూర్చుని అత్తయ్యగారికి, గౌరయ్యకి కలిపి మొత్తం చెప్పాను. కల్లం రూలు, సంతకం, అరవై పడవలు. ఎలాగూ పూడుతుంది కదా అని కూడా చెప్పాను.

గౌరయ్య బీడీ చెవి వెనక పెట్టుకుని, “మా సెరువు నాసు గదా, పిచ్చిగ పెరుగుతది. సముద్రం ముచ్చట నాకేమెరుక? సూశినోళ్లు చెప్పాలె,” అన్నాడు. పడవ తాడు సర్దుతూ, “గీసింది మీరేనా? మరి చెరుపుడు గూడ మీకే వస్తది,” అన్నాడు.

అత్తయ్యగారు కాళ్లు నీళ్లలో ఆడిస్తూ, “మజ్జిగలో ఈగ పడిందని తెలిశాక కళ్లు మూసుకుని తాగితే, ఈగ ఉండదటే?” అన్నారు. ఆవిడతో పదిహేడేళ్లుగా ఒక్క విషయంలోనూ ఏకీభవించలేదు. ఇవాళ ఆవిడ తడి కాళ్లు నా కొంగుతో తుడిచాను.


నవంబరు 17, సోమవారం

పొద్దున్నే చూశాను. దీక్షిత్ ఇచ్చిన వాటిలో 2019 నాటి ఫోటోలు కొన్ని ఉన్నాయి. అప్పుడొక పడవ ఉంది, దాని కింద గుండ్రం ఉంది. తర్వాత పడవ వెళ్లిపోయింది. దీక్షిత్ నోటు ప్రకారం ఆరేళ్లుగా అక్కడ ఏ పడవా లేదు, గొలుసూ లేదు. 2025 ఫోటో దాని మీద పెట్టి చూశాను.

అదే గుండ్రం. అంచున జానెడు మేర పచ్చబడింది. ఆరేళ్లకి జానెడు.

ఇంత నిదానంగా పెరిగేది ఇన్ని మైళ్లు పరుచుకోవడానికి ఎన్నాళ్లు పట్టి ఉంటుంది? మా తాతల తాతలు ఉప్పాడకి రాకముందు మొదలుపెట్టి ఉంటుంది. దాన్ని నేను ఒక్క బటన్‌తో పూడ్చాను.

రవీందర్ గదిలోకి వెళ్లి చెప్పేశాను. వాపసు తీసుకుందాం, గుండ్రాలన్నీ మళ్లీ కోద్దాం అన్నాను.

“మేడం, మీరు పరేషాన్ గాకుండ్రి. ఐదు పర్సెంట్ లోపలనే ఉంది గద.”

నా మాటే. నా నోట్లోంచి ఊడి అతని నోట్లో పడింది.

“మొత్తం గడ్డిలో చూస్తే లోపే. పడవల కింద చూస్తే మొత్తం పోయింది. వాళ్లు అడిగింది పడవల గురించే కదా రవీందర్?”

“సంతకమైపోయిన మ్యాపును మనమే తప్పంటే ఇగ మల్ల పని ఎవడిస్తడు? గిది మీ ఒక్కరి ముచ్చట గాదు. పదకొండు మంది అన్నం. జర సోంచాయించుండ్రి.” కోపంగా అనలేదు. బతిమాలినట్టు అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

బయటికొచ్చాక ఫణిభూషణ్‌గారి దగ్గర నిలబడ్డాను. “మొదటి రోజే అడిగారు మీరు. అరిచాను. క్షమించండి,” అన్నాను.

ఆయన కుర్చీ జరిపి చోటిచ్చారు. “రేపు పొద్దున్న ఏడింటికి రాగలరా? ఇద్దరం అయితే రోజున్నరలో అయిపోతుంది,” అన్నారు. “పంపినా పంపకపోయినా, చేసైతే పెడదాం.”


నవంబరు 18, మంగళవారం

ఈ తేదీ మర్చిపోను.

ఏడు నుంచి కూర్చున్నాం. సగం ముక్కలు ఆయనవి, సగం నావి. బటన్ వాడకుండా ఒక్కొక్క గుండ్రాన్నీ చేత్తో గీశాను. దాదాపు ప్రతి గుండ్రానికీ అంచున ఒక పడవ, గాలి ఎటుంటే అటు ముఖం పెట్టి. గుండ్రం మధ్య చుక్కంత లంగరు బండ. కొన్ని పడవలు పక్కపక్కనే ఉన్నచోట గుండ్రాలు ఒకదాన్నొకటి కలుపుకుని పెద్ద బోడి నేలైపోయాయి. ఇన్ని రోజులు నా కళ్ల ముందే ఉన్నాయి. సిగ్గేసింది.

కానీ సిగ్గుతో పాటు ఇంకోటి. గుండ్రాల మధ్య మిగిలిన గడ్డి. లోతున్నచోట నల్లగా, తేటగా ఉన్నచోట లేత పసుపుతో కూడిన ఆకుపచ్చగా, ప్రవాహం పోయినచోట దువ్వినట్టు. దాని మీద ఆ సన్నటి గీతలు. గొర్రెల బాటలని వదిలేసినవి. ఇప్పుడు ఒక్కొక్కటీ పట్టుకుని వెళ్తుంటే, ఎవరో తీరుబడిగా నడుస్తూ, ఇక్కడ ఆగి, అక్కడ తిరిగి, మళ్లీ వెనక్కొచ్చి మేసినట్టు కనపడింది. పాత గీతలు పూడిపోతూ మసకగా ఉన్నాయి. కొన్ని మాత్రం కొత్తవి, అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి.

కొత్తవి అంటే!

ఒక గీత పట్టుకుని పోయాను. డెబ్బై తొమ్మిదో ముక్క, ఎనభై, ఎనభై ఏడు. ఎనభై ఎనిమిదిలో రెండు గుండ్రాల మధ్య సందులో గీత ఆగిపోయింది. అక్కడ మొదటి వారం నా చేత్తో నేనే రాసిన గుర్తు ఉంది. “మునిగిన పడవ, ఒకటి. చిన్నది, ఒకటి.”

గుర్తు తీసేసి దగ్గరకి లాగాను.

బూడిద రంగు. మూడు మీటర్లు. ముందు గుండ్రంగా, వెనక రెండు పాయల తోక. దాని పక్కన, వీపుకి ఆనుకుని, అదే ఆకారంలో చిన్నది. ముందున్న గడ్డిలో మబ్బులా మట్టి లేచి ఉంది. మేస్తోంది.

“ఫణిగారూ,” అన్నాను. ఆయన వచ్చి చూసి, కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశారు. రెండు చేతులూ జోడించారు. ఆయనకి తెలిసి చేశారో లేదో తెలీదు.

ఒక్కొక్కరే లేచొచ్చారు. చివరికి రవీందర్ తన గదిలోంచి, “ఏందిది, అందరు గిక్కడ ఏం జేస్తున్నరు?” అని విసురుగా వచ్చి ఆగిపోయాడు. అతనిది మేడ్చల్. వాళ్ల నాయినకి గొర్రెలుండేవని ఒకసారి చెప్పాడు. తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు.

“గది... పిల్లనా?”

“అవును.”

“తల్లి నడుమల ఉంది. రెండు దిక్కుల బోడి నేల. గిప్పుడు ఇంకో అరవై గొలుసులు పడితే గీ సందు గూడ ఉండదు. అంతేనా?”

“అంతే.”

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అరచేత్తో ముఖం రుద్దుకున్నాడు. “తప్పు ఎట్లయిందని రాయాలె. కాగితంల కారణమని ఒక గడి ఉంటది. ఎవరిదని రాస్తరు?”

“నాది. రూల్ నాది, సంతకం నాది.”

“లీడ్ పోతది మేడం. నేను ఆపలేను.”

“తెలుసు.”

“అయితే జల్దీ జేయుండ్రి,” అన్నాడు.


నవంబరు 19, బుధవారం

పంపాం. పడవలు వెళ్లిపోయిన చోట్లతో కలిపి రెండు వందల ముప్ఫై ఒక్క గుండ్రాలు. ‘తప్పుకి కారణం’ అన్నచోట ఇలా రాశాను: పొలాల కోసం పెట్టిన రూలుని నీళ్లకి వాడాను. అడిగినా వినలేదు. చెరువులో చూసి తెలిసిన తర్వాత కూడా సంతకం పెట్టాను.

చివరి వాక్యం తీసేయమన్నారు ఫణిభూషణ్‌గారు. ఉంచాను.

కింద ఇంకో పేరా చేర్చాను. శామీర్‌పేట చెరువులో గౌరయ్య అనే మత్స్యకారుడు తాడుకి సగంలో డబ్బా కట్టి గడ్డిని కాపాడుతున్నాడని, సముద్రంలో ఇది పనికొస్తుందో లేదో తెలిసినవాళ్లు చూడాలని. చేత్తో గీసిన బొమ్మ కూడా పెట్టాను.


నవంబరు 20, గురువారం

దీక్షిత్ నుంచి ఫోన్ లేదు. మెసేజ్ లేదు.

ఐదుసార్లు ఎనభై ఎనిమిదో ముక్క తెరిచి చూశాను. ఇంకా అక్కడే ఉన్నాయా అని చూసినట్టు. ఫోటోలో ఉన్నవి ఎక్కడికి పోతాయి?


నవంబరు 21, శుక్రవారం

పోలి పాడ్యమి. తెల్లవారకుండానే అత్తయ్యగారు బాల్కనీలో ఇత్తడి గంగాళం నింపి, అరటి దొప్పల్లో దీపాలు వదిలారు. గాలికి ఒకటి అంచుకి కొట్టుకుని ఆరిపోబోయింది. నేను పూలు కట్టే దారం ఒకటి తీసుకుని, ఒక కొస గులకరాయికీ ఒక కొస దొప్పకీ కట్టి, మధ్యలో థర్మాకోల్ ముక్క గుచ్చాను. దీపం నడిమధ్యలో నిలబడి తన చోటనే ఊగింది.

“శాస్త్రంలో లేదే ఇది,” అన్నారావిడ. అని, మిగతా రెండు దీపాలకీ కట్టమన్నారు.

మధ్యాహ్నం మూడు దాటాక ఫోన్ మోగింది. మెట్ల మీదికి పరిగెత్తాను.

“మేడం,” అన్నాడు దీక్షిత్. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తున్నాడని అర్థమవడానికి కొంత టైం పట్టింది. “రెండేళ్లండీ. దిగినప్పుడల్లా వెతికాను. లేదన్నారు. నేనూ లేదనే అనుకోవడం మొదలుపెట్టాను. పిల్లతో ఉంది మేడం!”

అరవై పడవలూ ఆగిపోయాయి. ఉన్నవాటిలో పదింటికి తాడు, మధ్యలో తేలే బుడ్డీ కట్టి ఏడాది పాటు చూస్తారట. నిపుణులు ముందే చెబుతున్న పద్ధతేనట అది. ఇన్నాళ్లూ ఖరీదైన సామాను కావాలేమో అని భయపడి వాయిదా వేశారట. మీటింగులో గౌరయ్య బొమ్మ చూపిస్తే వెనక కూర్చున్న పడవల వాళ్లు, ఇంతేనా, ఇది మేమే కట్టుకుంటాం అన్నారట.

“మీ మీద కోపంగా ఉంది మేడం,” అన్నాడు చివర్లో. “పన్నెండో తేదీ నుంచి నన్ను నేనే నమ్మలేదు.”

“ఉండాలి,” అన్నాను.

“కోపం ఉంది. థ్యాంక్స్ కూడా ఉంది. రెండూ ఉంచుకుంటాను.”


నవంబరు 23, ఆదివారం

గౌరయ్యకి చెప్పడానికి వెళ్లాను. విన్నాడు. “సముద్రంల గూడ ఆవులుంటయా? పిల్లకు పాలిస్తదా?” అని రెండుసార్లు అడిగాడు. ఇస్తుందని చెప్పాను. అద్దం బకెట్ ఒళ్లో పెట్టుకుని చెరువు వైపు చూస్తూ, “మస్తుంది మేడం, దునియ,” అన్నాడు.

ఒకరి తర్వాత ఒకరం బకెట్‌లో తలపెట్టి చూశాం. తర్వాత నేను వచ్చేశాను.


డిసెంబరు 1, సోమవారం

లీడ్ పోయింది. కిటికీ పక్క కుర్చీ కూడా పోయింది. దీవుల పని మాకు వస్తుందో రాదో ఇంకా తేలలేదు. రవీందర్ ఎదురుపడితే తల ఊపుతున్నాడు, అంతే. ఫణిభూషణ్‌గారు తన టేబుల్ నా పక్కకి జరుపుకున్నారు. ఇక్కడ ఏసీ బాగా తగులుతుందట. తగలదు.

నాకు మళ్లీ సిద్దిపేట ఇచ్చారు. వరి. కోతలు సగం అయ్యాయి. మొదటి ముక్క తెరవగానే పొలం మధ్యలో గుండ్రం. బోసిగా, ఖాళీగా.

వేలు బటన్ మీదికి దానంతట అదే వెళ్లింది. తొమ్మిదేళ్ల అలవాటు. వెనక్కి తీసుకున్నాను. దగ్గరకి లాగాను. ఇంకా దగ్గరకి.

పసుపు రంగు ధాన్యం పల్చగా పరిచి ఉంది. పక్కన ఎర్ర చీర చుక్క. ఆవిడ నీడ పొడుగ్గా ధాన్యం మీద పడింది, చేతిలో చీపురు నీడ కూడా తెలుస్తోంది. ఊడ్చినంత మేరా నేల మీద సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి. ఈవిడని కూడా తొమ్మిదేళ్లుగా నేను చూడలేదు.

కల్లమే.

కాసేపు అలాగే చూసి, చేత్తో పూడ్చాను.